అడుగు పొడిగా ఉంది

మార్చి 3, సోమవారం

వర్క్‌షాపు మూతపడి నలభై రోజులు. ఇవాళ్టి నుంచి బావ పడవలో పని. నలభై ఒక్కేళ్ళ వయసులో అక్క మొగుడి దగ్గర చేరడం ఎలా ఉంటుందో రాద్దామని కూర్చున్నాను. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సిగ్గుగా ఉంది, అంతే.

పడవ చిన్నది, చెక్కది. పొద్దున పదహారు మందిని పాయ దాటించి అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ దగ్గర దింపాలి. సాయంత్రం తిరిగి తేవాలి. నడపడం బావ పని. ఇంజనూ, దాని కింద ఉన్నదంతా నా పని. డెక్కు మధ్యలో ఒక చెక్క మూత ఉంది. బావ దాన్ని ఎత్తి, ఇదిగో నీ ఆఫీసు అన్నాడు. డెక్కు పలకలకీ పడవ అడుగుకీ మధ్య ఉండే ఖాళీ అది. మనిషి వంగి పాకడానికి మాత్రం చోటుంది. మోచేతి దాకా నల్లటి నీళ్ళు, పైన డీజిల్ తెట్టు. ఒకటే కంపు. దీన్ని పొడిగా ఉంచు చాలు, ఇంకేమీ అడగను అన్నాడు.

మార్చి 4

ఒళ్ళంతా నొప్పులు. సబ్బు సగం అరిగింది, కంపు మాత్రం పోలేదు.

మార్చి 9, ఆదివారం

ఇవాళ ట్రిప్పు లేదు. రోజంతా లోపలే. ఆ నీళ్ళు తోడే పంపు నోటికి అడ్డం పడినవి: జుట్టు ఉండ, సీసా మూతలు, చిన్నపిల్ల సాక్సు ఒకటి, ఎవరిదో ఐడీ కార్డు, దాని మీద ముఖం చెరిగిపోయింది. పంపు ఆటోమేటిక్. నీళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తు రాగానే ఫ్లోట్ లేచి దానంతటదే తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా స్టీరింగ్ పక్కన ఎర్ర లైటు వెలగాలి. అక్కడ బల్బు లేదు. కొత్తది పెట్టాను.

సాయంత్రానికి స్పాంజితో చివరి చుక్క దాకా తీశాను. బావ వంగి అరచేత్తో రాసి చూసి, మీ అక్క వంటగది కూడా ఇంత శుభ్రంగా ఉండదురా అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట అక్క ముందు అనే ధైర్యం చేయలేదు. చాలా రోజులకి నేనూ దేనికో పనికొస్తానని అనిపించింది.

మార్చి 10

బల్బు మళ్ళీ లేదు. బావే తీసేశాడు. కళ్ళలో పొడుస్తోందట.

మార్చి 14

ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు నాకు స్పాంజి అని పేరు పెట్టారు. ఎప్పుడు చూసినా చేతిలో అదే కదా. పడవంతా అదే పిలుపు.

ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్ కూడా మా పడవలోనే వస్తాడు. అరవై దాటిన మనిషి. ఎడమ మోకాలు వంగదు. బెంచీ మీద కుదరక డెక్కు మూత మీద కాలు చాపుకుని కూర్చుంటాడు. నేను మూత తీయాలంటే ఆయన లేవాలి. ట్రిప్పుకి రెండుసార్లు లేచి, అంచున కమ్మీ పట్టుకుని నిలబడతాడు. విసుక్కోడు. కింద ఎవర్నైనా పడుకోబెట్టావా బాబూ, ఊరికే చూసొస్తున్నావు అన్నాడు ఇవాళ. అవునండీ, లేస్తే ఏడుస్తుంది అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

మార్చి 18

సాయంత్రం ఆరబెట్టి వెళ్తే పొద్దునకి మళ్ళీ నీళ్ళు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. చప్పగా ఉంటే వాన నీళ్ళు, పైనుంచి వచ్చినవి. ఉప్పగా ఉంటే సముద్రం పోటెక్కే పాయ నీళ్ళు, కిందినుంచి. ఇంజను షాఫ్టు బయటికి వెళ్ళే చోట నాలుగు చుక్కలు కారడం మామూలే. అది కూడా బిగించాను. అయినా వస్తున్నాయి.

మార్చి 23, ఆదివారం, పొద్దున 10

అక్క పౌడరు డబ్బా తెచ్చాను. అడుగంతా ఆరబెట్టి, తెల్లగా పౌడరు చల్లి, టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాను. అరగంట గడిచింది. ఎడమ పక్క, ఇంజనుకి మూరెడు ముందు, ఆ తెల్లదనంలో వెంట్రుకంత నల్లగీత మొదలైంది. మెల్లగా నా వైపు వచ్చింది. గీత మొదలైన చోట పలక లేదు. సిమెంటు ఉంది. పళ్ళెమంత మేర సిమెంటు పోసి, పైన నల్ల పెయింటు వేశారు. నొక్కి చూశాను. సిమెంటు గట్టిగానే ఉంది. దాని చుట్టూ ఉన్న చెక్కలోకి గోరు దిగింది.

అదే రోజు, సాయంత్రం 4

బావని అడిగాను. గోళ్ళు తీసుకుంటున్నాడు, తలెత్తలేదు. రెండేళ్ళ కిందట నీళ్ళలో మొద్దు తగిలి పలక చిట్లిందట. పడవని ఒడ్డుకెక్కించి పలకలు మార్చాలంటే మూడు నెలలు. అన్నాళ్ళు ఫ్యాక్టరీ వాళ్ళు ఆగరు, వేరే పడవ చూసుకుంటారు. అందుకని సిమెంటు. రాయిలా ఉందిరా, రెండేళ్ళయింది, ఏమైంది చెప్పు అన్నాడు. ఇంతవరకు ఏమీ కాలేదు అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అక్కకి ముందే తెలుసు.

ఏప్రిల్ 2

పోర్టు ఆఫీసు నుంచి ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఇవాళ వచ్చాడు. శుభ్రంగా ఉంచు అని బావ మొన్నే చెప్పాడు. అంతకుమించి అనక్కరలేదు.

ఆయన రావడానికి గంట ముందు దిగాను. పంపుతో తోడి, స్పాంజితో ఎత్తి, గుడ్డతో తుడిచి, పాత పేపర్లు పరిచి మిగిలిన చెమ్మ కూడా పీల్చేశాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత పొడి అడుగు చూడలేదన్నాడు. టార్చి వెలుగు సిమెంటు మీద పడింది. ఆగలేదు, ముందుకు పోయింది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని నన్నే అడిగాడు. రోజూ తుడుస్తానండీ అన్నాను. అబద్ధం కాదు. సంతకం పెట్టాడు.

ఆయన వెళ్ళాక బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఏప్రిల్ 3

నిన్న ఒక్కరోజు బద్ధకించి ఉంటే బాగుండేది. ఆయనకి నీళ్ళు కనబడేవి. ఎక్కడివని అడిగేవాడు.

ఏప్రిల్ 19

ఫ్లోట్ ఎన్ని నిమిషాలకోసారి లేస్తోందో వాచీ పెట్టుకుని చూశాను. మార్చిలో గంటకోసారి. ఇప్పుడు పద్దెనిమిది నిమిషాలు.

ఏప్రిల్ 20, ఆదివారం

అక్క మేడ మీద బట్టలు ఆరేస్తూ నన్ను పిలిచింది. క్లిప్పులు అందిస్తూ నిలబడ్డాను. జూన్‌లో ఫ్యాక్టరీకి ఇరవై రోజులు సెలవట. అప్పుడు పడవని ఒడ్డుకెక్కిస్తానని బావ మాటిచ్చాడట. అందాకా నువ్వు చూసుకోరా, నువ్వు పడవలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది అంది. చిన్నప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళిన మనిషి. మూడు నెలల పని ఇరవై రోజుల్లో ఎలా అవుతుందని అడగలేదు. సరే అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మే 6

పదకొండు నిమిషాలు.

రేపటినుంచి రానని బావకి చెప్పాను. మానెయ్యి అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు. మరి అడుగు ఎవరు చూస్తారు అన్నాడు. నేను మానేసినంత మాత్రాన పడవ ఆగదు. నేను లేకుండా నడుస్తుంది, అంతే తేడా. ఆ మాట అతను అననక్కరలేకపోయింది.

మధ్యాహ్నం పోర్టు ఆఫీసు దాకా నడిచాను. గేటు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను. లంచ్ టైమ్, లోపల ఎవరూ ఉండరని నాకు నేనే చెప్పుకున్నాను.

మే 13

రెండో పంపు బిగించాను. పైనుంచి చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. వాచ్‌మన్ పెద్దాయన తన థర్మాస్‌లోంచి టీ పోసి ఇచ్చాడు. ఇదివరకు మూత సందుల్లోంచి నీళ్ళు చిమ్మి ప్యాంటు తడిసేది బాబూ, నువ్వొచ్చాక హాయిగా ఉంది అన్నాడు.

మే 21, బుధవారం, మధ్యాహ్నం 3

ఏడూ ఇరవై ట్రిప్పు. పాయ సగం దాటాం. కింద పలక మీద ఎవరో అరచేత్తో చరిచినట్టు చప్పుడైంది. మిగతావాళ్ళెవరికీ వినిపించలేదు. నేను రెండు నెలలుగా దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. లేవండి అన్నాను వాచ్‌మన్‌తో. ఇప్పుడే కదయ్యా చూశావు అంటూనే లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

మూత ఎత్తేసరికి నీళ్ళు ఇంజను సగానికి ఉన్నాయి. సిమెంటు ముద్ద ఊడిపడింది. చుట్టూ ఉన్న పలకని కూడా పట్టుకుపోయింది. కన్నంలోంచి నీళ్ళు తొడంత లావున తోసుకొస్తున్నాయి. రెండు పంపులూ తిరుగుతున్నాయి, ఏం లాభం. లోపలికి దిగి, కన్నానికి వీపు ఆనించి, ఎదుటి చెక్కకి కాళ్ళు తన్నిపట్టి కూర్చున్నాను. బావా, బురద వైపు తిప్పు అని అరిచాను. ఎందుకని అతను అడగలేదు. ఎడమ పక్కన బురద మెట్ట ఉంది. ఫుల్ స్పీడులో దాని మీదికి పోనిచ్చాడు. పదిహేను మంది బతికింది అందుకే.

పడవ మెట్టని గుద్దుకుని కుడివైపుకి వాలింది. నా తల ఇంజనుకి కొట్టుకుంది. పైకి వచ్చేసరికి జనం నడుము లోతు నీళ్ళలో ఉన్నారు. సంచులు తేలుతున్నాయి. బావ లెక్కపెడుతున్నాడు. పదిహేను. మళ్ళీ లెక్కపెట్టాడు. కమ్మీ దగ్గర ఎవరూ లేరు. ఆ పక్కన లోతు.

బావ దూకాడు. నాలుగుసార్లు మునిగి లేచాడు. ఐదోసారి వెళ్ళబోతుంటే మేమే పట్టుకుని లాగాం.

మూత మీదే కూర్చుని ఉంటే పడేవాడు కాదు. లేపింది నేను.

మే 22

పెద్దాయన పాయ మలుపులో దొరికాడు. థర్మాస్ సంచి భుజానికే ఉందట.

మే 25

ఆయన కూతురింటికి వెళ్ళాను. టైలరింగ్ చేస్తుంది. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. కుర్చీ వేసింది. నాన్న మీ గురించి చెప్పేవారండీ, స్పాంజి అని ఒకాయన ఉన్నాడు, ఆయనున్న పడవలో భయం లేదు అనేవారు అంది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. చెబుదామని వెళ్ళినవాణ్ణి గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

జూన్ 2

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు వచ్చింది. బావ జిరాక్స్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. నీళ్ళలో కనబడని మొద్దు తగిలి ప్రమాదం. ఏప్రిల్ తనిఖీలో పడవ అడుగు పొడిగా ఉంది. సిబ్బంది తప్పు లేదు. పడవ ఇంకా ఆ బురదలోనే ఉంది, ఎవరూ దిగి చూడలేదు. నన్ను మెచ్చుకుంటూ ఫ్యాక్టరీ వాళ్ళు ఉత్తరం కూడా రాశారు.

ఇక మర్చిపోరా అన్నాడు బావ. అంటూనే ఏడ్చాడు. అక్క గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేనేం చేస్తానో నాకన్నా ముందు తనకే తెలిసిపోయింది.

జూన్ 4

పోర్టు ఆఫీసు. ఈసారి లోపలికి వెళ్ళాను. సిమెంటు, నల్ల పెయింటు, తీసేసిన బల్బు, పద్దెనిమిది నిమిషాలు, పదకొండు నిమిషాలు, అన్నీ చెప్పాను. ఇన్‌స్పెక్టర్ రాసుకుంటూ ఆగాడు. నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు అన్నాడు. పొడిగా ఉంటుందా అనే అడిగారండీ, ఎందుకు తడుస్తుందని అడగలేదు అన్నాను. అన్నాక నా మాటకి నాకే అసహ్యం వేసింది. అది కొట్టేయమన్నాను. తెలిసే తుడిచాను, అలాగే రాసుకోండి అన్నాను. రాసుకున్నాడు. తలెత్తి నా ముఖం చూడలేదు. ఆ రోజు టార్చి పట్టుకున్నది ఆయన కదా.

అటునుంచి అటే కూతురి దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. మొత్తం విన్నది. వెళ్ళండి అంది.

జూన్ 7

అక్క నా బట్టలు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, సూట్‌కేసులో సర్ది గుమ్మం పక్కన పెట్టింది. బావ లైసెన్సు పోయింది. కేసు ఇద్దరి మీదా. రైల్వే స్టేషన్ వెనక గది తీసుకున్నాను. కిటికీ లేదు.

జూన్ 29, ఆదివారం

పడవని ఒడ్డుకి లాగి ఇవాళ విరగ్గొట్టారు. చూడ్డానికి వెళ్ళాను. బావ అప్పటికే వచ్చి ఉన్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. అటే చూస్తూ, అన్నం తిన్నావా అని అడిగాడు. లేదన్నాను. తనూ తినలేదన్నాడు.

ఇద్దరం అక్కడే ఉన్నాం, చివరి పలక దాకా.