బస్సులో నిద్ర పట్టిన రోజు

1999 జులై, బుధవారం

బీపీ ఎక్కువుందని డాక్టర్ రాసిచ్చిన వారం సెలవులో ఇది మూడో రోజు. ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్నవాణ్ణి, ఈ రోజు టికెట్ తీసుకుని సీట్లో కూర్చున్నాను. మా ఆవిడతో కలిసి అలియాబాద్‌లో వాళ్ల అక్క ఇంటికి బయలుదేరాను. రోడ్డు మీద ఎవరు అడ్డం వచ్చినా, అక్కడ బ్రేకు ఉన్నట్టు నా కుడికాలు కింది రేకును తొక్కుతూనే ఉంది. శామీర్‌పేట దగ్గర ఆమె అది చూసి నా చెయ్యి పట్టుకుంది.

"బండి నువ్వు నడుపుతలేవు. జర కండ్లు మూసుకో."

మూసుకున్నాను. తెరిచేసరికి తుర్కపల్లి వచ్చేసింది. అలియాబాద్ ఎప్పుడో దాటిపోయింది.

"లేపలేదేంది?" అని కోప్పడ్డాను.

"నెలల సంది సరిగ్గ పండుకుంటలేవు. ఎట్ల లేపుత? ఫికర్ జెయ్యకు, రోడ్డు నేను జూస్తనే ఉన్న."

ఒళ్లు తేలికైన మాట నిజమే. కానీ ఆమె అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. బస్సెక్కితే చాలు, హాయిగా కునికే మనిషి. రోడ్డంటే నాకు పట్టుకున్న భయం పోయిందా, లేక ఆమెకు అంటించానా? సోమవారం మళ్లీ డ్యూటీ.

రాత్రి ఇది రాస్తుంటే ఆవలింతలు వస్తున్నాయి. ఆమె మాత్రం మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుంది.