కంచాల గది తాళం చెవి

విజయవాడ భవానీపురంలో నలభై ఆరేళ్ళుగా కాపురముంటున్న, కీర్తిశేషులు షేక్ నవాబ్ గారి భార్య షేక్ సుగ్రా అనే నేను, డెబ్భై ఒకటో ఏట, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ సవ్యంగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న వీలునామా. ఇందులో కొన్ని మాటలు వకీలు గారివి, మిగతావి నావి. నావి కొట్టెయ్యొద్దని ఆయనకు గట్టిగా చెప్పాను.

1. డాబా ఇల్లు, వెనక స్థలం నా కొడుకు ఆసిమ్‌కు, కూతురు జుబియాకు మా షరియత్ ప్రకారం రావలసిన వాటాల్లో వస్తాయి. అందులో నేను వేలు పెట్టను. మూడో వంతుకు మించకుండా నా ఇష్టప్రకారం రాసుకునే హక్కు నాకుంది. ఆ హక్కుతోనే కిందివి రాస్తున్నాను.

2. వీధి వైపు గది, అందులోని ఆరువందల పన్నెండు స్టీలు కంచాలు, గ్లాసులు, వంటకు నాలుగు పెద్ద డేగిషాలు మా వీధి ఉమ్మడి వాడకానికి చెందుతాయి. గది అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు. సెల్‌ఫోన్ల షాపుకు ఇద్దామని ఆసిమ్ మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు. నాయనా, ఆ గది ఎలా పుట్టిందో నీకు గుర్తులేదు, అప్పుడు నీ ధ్యాసంతా క్రికెట్ మీదే.

ఇరవై రెండేళ్ళ కిందట జుబియా నిఖాకు థర్మోకోల్ ప్లేట్లు తెప్పించింది నేనే. తెల్లగా నాజూగ్గా ఉన్నాయని తెగ మురిసిపోయాను. మర్నాటికి ఎనిమిదివందల ప్లేట్లు వీధి చివర కుప్పపడ్డాయి. ఆ వారమే వాన దంచికొట్టింది. ప్లేట్లన్నీ కాలవకు అడ్డం పడి, మురుగు ఎగదన్ని ఎదురింటి గంగారత్నం వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో ప్లేటు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "ఏమే సుగ్రా, మీ ఇంటి బిర్యానీ మాకు ఇప్పుడొచ్చిందే!" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం చీరలు ఎగదోపుకుని సాయంత్రం దాకా మురుగు ఎత్తిపోశాం. వన్‌టౌన్‌లో పాత్రల కొట్టున్న మా నవాబ్ గారు ఆ రాత్రే నలభై కంచాలు మోసుకొచ్చారు.

రూలు పెట్టింది గంగారత్నం. ఫంక్షనుకు కంచాలు తీసుకున్న ఇల్లు వాటిని తోమి తిరిగిస్తూ, శుభకార్యం ఎవరిదో వాళ్ళ పేరు కొట్టించిన కొత్త కంచం ఒకటి కలపాలి. పేర్లు నవాబ్ గారే కొట్టేవారు. అప్పట్నుంచి మా వీధిలోనే కాదు, చుట్టుపక్కల మూడు వీధుల్లో ఏ విందుకూ థర్మోకోల్ రాలేదు. పెళ్ళి కంచం మీద పేరున్న పిల్ల, తన కొడుకు బారసాల నాడు అదే కంచంలో తిన్నది కళ్ళారా చూశాను. సర్దుతుంటే పోయినవాళ్ళ పేర్లు వేళ్ళకు తగులుతాయి. ఎంత మంచి రోజులవి!

3. గది తాళం చెవి, గది మీద సర్వాధికారం గంగారత్నానికి. ఆవిడ నాతో మాట్లాడి పదేళ్ళయింది. ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే ఆ గది ఏడాది తిరిగేసరికి సెల్‌ఫోన్ల షాపే అవుతుంది, నాకు తెలుసు.

మాంసం విందులకు వెళ్ళే కంచాల అంచున రెండు చుక్కలుంటాయి, ఆ కట్టకు ఎర్ర పీలిక. శాకాహారానికి చుక్కల్లేనివి, పచ్చ పీలిక. పదేళ్ళ కిందట గంగారత్నం ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు పచ్చ పీలిక కట్టల్లో చుక్కల కంచాలు వెళ్ళాయి. సగం భోజనంలో ఎవరో చూశారు. ఆవిడ అత్తవారి వైపు పెద్దలు బంతిలోంచి లేచిపోయారు. వీధంతా పోగైతే నేను, "కట్టింది కోటి" అనేశాను. కోటి మా కంచాలను ఆటోలో చేరవేసే మనిషి. పాపం, తల వంచుకున్నాడు. నెలల తరబడి అతన్ని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఆ కట్టలు కట్టింది నేను. వరసగా వలీమా విందులు, ఒళ్ళు అలిసిపోయి, కళ్ళజోడు పెట్టుకోకుండా కట్టాను. ఈ మాట నవాబ్ గారికి కూడా చెప్పలేదు. ఆయన వెళ్ళిపోయారు. అల్లా ముందు నిలబడేలోపు మనుషుల ముందు చెప్పుకోవాలి కదా.

4. ఆరువందల పన్నెండు కంచాల్లో కోటి పేరు లేదు. అతని ఇంట్లో శుభకార్యమంటూ జరగలేదు. అతని పేరుతో కంచం నేనే కొట్టాను. అక్షరాలు వంకర పోయాయి. అది కోటిది. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లక కంచం ఇస్తున్నాను.

5. పేర్లు కొట్టే మిషను జుబియాకు. నవాబ్ గారి వాచీ ఆసిమ్‌కు. అది రోజుకు పది నిమిషాలు వెనక నడుస్తుంది, ఆయన లాగే. బాగు చేయించొద్దు.

తర్వాత చేర్చినది: సాక్షులు లోపలి సంగతులు చదవనక్కర్లేదని వకీలు గారన్నారు. నేను వినలేదు. గంగారత్నాన్ని, కోటిని పిలిపించి, మూడో అంశం నేనే చదివాను. కోటి నేల చూస్తూ, "తెలుసండీ అమ్మగారూ. నాది జారుముడండీ. అవి మీ ముళ్ళు" అన్నాడు. గంగారత్నం, "ఆ ముళ్ళు విప్పింది నేనేగా, నాకు తెలీదటే? కంచాలకి కాదే నా కోపం. నోరులేని వాడి మీదికి తోసేశావు చూడూ, దానికి. ఈ ఒక్క మాట చెప్పడానికి నీకు పదేళ్ళు పట్టిందా?" అంది. నేను బావురుమన్నాను. ఆవిడ చెయ్యి చాచింది. "నువ్వు పోయాక ఇస్తావేంటే తాళం చెవి? ఇటివ్వు. ఎల్లుండి ఫిలిప్ గారింట్లో విందుకి రెండొందల కంచాలు కట్టాలి. రేపు పొద్దున్నే వస్తా. కళ్ళజోడు పెట్టుకుని కూర్చో."

కాబట్టి మూడో అంశం నేను బతికుండగానే అమలైంది. వకీలు గారు కొట్టెయ్యమన్నారు. ఉండనిమ్మన్నాను.

తేదీ: 14 నవంబరు 2025, శుక్రవారం. భవానీపురం.

(సంతకం) షేక్ సుగ్రా

సాక్షులు:
1. కోటి, ఆటో డ్రైవరు
2. గంగారత్నం, ఎదురిల్లు