నీ నోటుపుస్తకంలో నా ఉపవాసం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఆరు రోజులుగా మంచినీళ్లతోనే ఉంటున్నావనీ, నిన్న ప్రయోగశాల మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డావనీ మరదలు ఏడుస్తూ ఫోన్ చేసింది. డాక్టరు ఆపమన్నా, "ఉపవాసం ఉంచిన ఎలుకల్లో కణాలు కొత్తబడ్డాయి. మనుషుల్లో అంటావా, మా అక్కే సాక్ష్యం! ముప్పై ఏళ్లుగా వారానికో రోజు నీళ్లే. రాయిలా లేదూ?" అన్నావట.

ఆ మాట విన్నాక ప్రార్థనకు కూర్చోలేకపోయాను. ఉపవాసం రోజున మధ్యాహ్నం వంటగది తలుపు వేసుకుని గ్లాసుడు పాలు తాగుతాను నాన్నా, మొదటి ఏడాది నుంచీ. నువ్వు అడిగి రాసుకున్నప్పుడు సిగ్గేసి చెప్పలేదు. దేవుడికి తెలుసు, నీకే తెలియదు.

నీ పుస్తకంలో నా పేజీ కొట్టెయ్యి. డాక్టరు చెప్పినట్టు ఉపవాసం ఆపి, కొంచెం కొంచెంగా పాలు తాగు. ఇకమీదట నేనూ తలుపు తీసే తాగుతాను.

మీ అక్క