సబ్బు బుడగల విషయమై

శిశు సంక్షేమ శాఖాధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయపు అటెండరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మాటల శిక్షణ కేంద్రంలోని టీచరమ్మను తక్షణం వేరే చోటికి బదిలీ చేయుట గురించి.

1. నా కుమారునికి నాలుగో ఏడు నడుచుచున్నది. మాట రాలేదు. పిలిచినా పలకడు, కళ్లలోకి చూడడు. ఆటిజం కావచ్చును, కాకపోవచ్చును, ఇప్పుడే తేల్చి చెప్పలేమని డాక్టరు గారు సెలవిచ్చి, తమ శాఖ కింద నడుచు సదరు కేంద్రమునకు పంపినారు. ఇంతవరకు నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

2. అక్కడ తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. తలుపుకున్న అద్దంలోంచి చూడవలెను. గత వారం నేను చూచుచుండగా సదరు టీచరమ్మ సబ్బునీళ్ల సీసా తీసి, బుడగలు ఒక్కసారి ఊది, మూత బిగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరక కూర్చున్నది. మావాడు సీసా వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. "ఇంకా" అన్నాడు.

అయ్యా, అది వాడి మొదటి మాట. నేను అద్దానికి ఇవతల ఉన్నాను. సంతోషించవలసిన వాడనే. నిజం మనవి చేసుకుంటున్నాను, నాకు కడుపు మండిపోయింది. ఇన్నాళ్లూ ఎత్తుకు తిరిగింది నేను, మాట దక్కింది ఆవిడకు.

3. అదే రకం సీసా నేనూ కొన్నాను. రొప్పు వచ్చేదాకా ఊదాను. ఇల్లంతా బుడగలే. వాడు గెంతాడు, చప్పట్లు కొట్టాడు, ఒక్క ముక్క అనలేదు. మరునాడు ఆమెను నిలదీశాను. "మీరు వాణ్ణి అడగనిస్తే కదండీ. దాహం వేసేలోపే నీళ్లు పట్టేస్తారు. కాస్త ఆగండి" అన్నది. ఆగడమట. తమరు గంట కొట్టేలోపే బల్ల మీద గ్లాసు ఉండును. ఇన్నేళ్ల సర్వీసులో నేను తెచ్చుకున్న మంచి పేరంతా దానివల్లనే. అదే పని కన్నకొడుక్కి చేస్తే తప్పయిందా?

4. కేంద్రం బయట బెంచీ మీద నా పక్కన కూర్చునే టైలరు గారి సంగతి. ఆయన కూతురు మా తర్వాత చేరింది. వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ పిల్ల బూటు లేసు తనే ఊడదీసి, పైకప్పు చూస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల "నాన్నా, కట్టు" అంటుంది. ఇది కేవలం నా ముందు గొప్పలు పోవడానికేనని నా గట్టి నమ్మకం. ఆయన మీద కూడా తగు చర్య తీసుకొనవలెను.

5. ఇది చదివి నా భార్య, "టీచరమ్మంటే మీకు కుళ్లు. ఆవిడ వెళ్లిపోతే వాడికి ఆ ఒక్క మాటా పోతుంది, తెలుస్తోందా?" అన్నది. ఆమె అభిప్రాయం కూడా నిష్పక్షపాతముగా పొందుపరచడమైనది.

పై సంగతులన్నీ తీరికగా చిత్తగించవలెను. వాడు ఆవిడ వంక చూచినట్లు నా వంక కూడా చూచునట్లు తగు ఉత్తర్వులు ఇప్పించవలెను.

తమ గది బయట స్టూలు మీద కూర్చునే,
తమ విధేయుడు

తా.క.: అయ్యా, రాసింది చింపబుద్ధి కాలేదు, అందుకే ఇస్తున్నాను. నిన్న సాయంత్రం ఒక్కసారి ఊది, మూత పెట్టేశాను. చేతులు ఊరుకోక వాటి మీదే కూర్చున్నాను. వాడు సీసా లాగాడు, ఏడ్చాడు. మా ఆవిడ గుమ్మంలోంచి అప్పుడే ఊదొద్దని తల ఊపింది. ఆఖరికి వాడు నా గడ్డం పట్టుకుని, నా ముఖం తన వైపు తిప్పుకున్నాడు. మాట రాలేదు. కానీ చూశాడండీ, నా కళ్లలోకే. ఇక ఆగలేక ఊదేశాను.

కాబట్టి బదిలీ వద్దు. ఆవిడ మీద కుళ్లు అలాగే ఉంది, అయినా ఆవిడ ఉండాలి. టైలరు గారి మీద చర్య కూడా వద్దు, ఆ లేసు సంగతి ఇప్పుడు అర్థమైంది.

పొద్దున తమరు అంతసేపు దగ్గినా నేను నీళ్లు తేలేదు. అది నిర్లక్ష్యం కాదు. గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆగడం నేర్చుకుంటున్నాను. కొన్నాళ్లపాటు తమరు దయచేసి నోరు తెరిచి అడగాలి.