శ్రుతిని చప్పుడన్న మిషన్

మంగళవారం, రాత్రి

చాలా ఏళ్ల కిందట, ఖమ్మం నుంచి టేప్ రికార్డర్ తెచ్చి పాట పట్టిస్తానని నాతోపాటు పాఠం నేర్చుకున్న చలపతి మా గురువుగారికి మాట ఇచ్చాడు. ఆయన తంబురా శ్రుతి చేసుకుని రోజంతా అరుగు మీద కూర్చున్నారు. వాడు రాలేదు. ఆ చలికాలంలోనే ఆయన గొంతు పోయింది.

ఇప్పుడు నా గొంతూ బొంగురుపోతోంది. చండ్రుగొండ నుంచి వారం వారం పాఠానికి వచ్చే సరళ ఇంటి దగ్గర విని సాధన చేసుకోవాలంటే రికార్డర్ కావాలి. అందుకే ఇద్దరం కొత్తగూడెం వెళ్లాం. కొట్టువాడు ఖరీదైనది తీసి, నేను పాడింది నాకే వినిపించాడు. నా గొంతు ఉంది, వెంట తీసుకెళ్లి పక్కన మోగించిన శ్రుతిపెట్టె లేదు.

“ఎనక గుయ్యిమనే సప్పుడంత దానంతటదే తీసేస్తది సార్. మస్తుంటది.”

“అది చప్పుడు కాదయ్యా, శ్రుతి.”

“అందరు గదే కావాలంటరు. మీరొక్కరే గిట్ల!”

ఏదీ తీసెయ్యడం చేతకాని చవక రికార్డర్ తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి గురువుగారి కీర్తన పాడి, విన్నాం. శ్రుతి నిండుగా ఉంది. చరణంలో ఒకచోట మాత్రం స్వరం కిందికి జారింది.

“సార్, ఈడ పెద్దసారు గూడ గిట్లనే జార్చి పాడేటోరా? లేకుంటే మీ గొంతే జారిందా?” అంది సరళ.

నాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా నా గొంతే వినిపిస్తోంది, ఆయనది వినిపించడం లేదు. రేపటి నుంచి ఆ పిల్ల ఇదే విని, ఇలాగే పాడుతుంది.

ఆమెకు జవాబు చెప్పవలసినవాడు ఆ రోజు రికార్డర్ తేని చలపతి.