కడుక్కోకుండా రా, సెల్వీ

కోవిల్‌పట్టి,
ఆడి నెల, 2003.

చెల్లెలు సెల్వికి, అక్క పొన్నమ్మాళ్ ఆశీర్వదించి రాసేది.

మీ ఇంట్లో ఫోను హాల్లో ఉంది. మరిది పక్కనే కూర్చుంటాడు. ఇది మగవాళ్ల చెవిన పడవలసిన మాట కాదు. అందుకే రాత అలవాటు తప్పిన చేత్తో కలం పట్టాను.

మా వీధి బడిలో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్షలు పెట్టినప్పుడు నిన్ను విరుదునగరం నుంచి పిలిపించింది నేనే. క్యాన్సర్‌ను ముందే పట్టడానికి ఏ పద్ధతి మేలో పోల్చి చూడాలని ఒక్కొక్కరికీ రెండు పరీక్షలు చేశారు. లోపల తుడిచి, గాజు స్లైడు మీద రాసి ల్యాబుకు పంపేది ఒకటి. పలుచని వెనిగర్ పూసి కంటితో చూసేది ఇంకొకటి. మొదటిది కాగానే నువ్వు, "నేనేమి ఊరగాయనా అక్కా, పులుపు పూసేదానికి? బస్సు పోతాది" అని వెళ్లిపోయావు. తర్వాత నీ స్లైడులో దోషం లేదని చెప్పారు. ఆ మంచిమాటను నమ్మవద్దు.

నా స్లైడులోనూ ఏమీ లేదన్నారు. కానీ వెనిగర్ పూసినచోట తెల్లటి మచ్చ లేచింది. చిన్న ముక్క తీసి చూశారు. క్యాన్సర్ కాదు గానీ, వదిలేస్తే కావచ్చునట. రెండు పరీక్షలూ రెండు మాటలు చెప్పేసరికి, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే నర్సు బృంద నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, వచ్చే ముందర లోపల కడుక్కుంటిరా? కడిగితే స్లైడులో చూసేదానికి ఏమీ చిక్కదు."

"లేదు పాపా" అన్నాను.

ఆండాళ్ సన్నిధికి పోయే రోజుల్లోలాగే, పసుపూ వేపాకూ కాచిన నీళ్లతో లోపలిదాకా కడుక్కున్నాం కదా, నువ్వూ నేనూ. ఒకరు చూసే చోటికి శుద్ధంగా పోవాలని నీకు చెప్పింది నేను. భజనకు వచ్చే ఆడవాళ్లందరికీ చెప్పింది నేను. ఇప్పుడు అది తప్పని ఏ ముఖంతో చెప్పేది? వచ్చే నెల కూడా బృంద ఇక్కడే ఉంటుంది. కడుక్కోకుండా రా, రెండూ చేయించుకో. నా మచ్చను పెరుమాళ్లకు వదిలేశాను. వైద్యానికి పోతే వీధికంతా తెలుస్తుంది.

నీ అక్క,
పొన్నమ్మాళ్

కోవిల్‌పట్టి,
ఆవణి నెల.

నా సెల్వికి,

"నువ్వు వైద్యానికి పోకుంటే నేనూ పరీక్షకు రాను, ఇద్దరమూ పెరుమాళ్లకే భారం వేస్తాం" అని రాశావు. చదివి రోజంతా నీమీద కోపంగా ఉన్నాను. ఆ తర్వాత వెళ్లి బృందకు నిజం చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంకెవరెవరు పెద్దమ్మా?" అని మాత్రం అడిగింది.

శనివారం భజన ముగిశాక అందరి ముందూ, నేల చూస్తూ చెప్పాను. "అయ్యో, నేను రెండు తూర్లు కడిగితినే!" అంది జానకియమ్మాళ్. అందరూ నవ్వారు. నాకు చచ్చినంత పని అయింది. బృంద అందరికీ మళ్లీ స్లైడులు తీసింది. చెడుగా వచ్చింది జానకియమ్మాళ్‌దే. ముదరలేదట, మదురైలో నయం చేస్తారట.

నా మచ్చకు చల్లటి గొట్టం ఆనించి గడ్డకట్టించారు, అదే దానికి వైద్యమట. ఇక నీ వంతు, సోమవారం రా.

ఈ కాగితాలు దాచిపెట్టు, ఎవరికీ చూపించకు. నా జబ్బు వీధికంతా తెలిసింది, దాని గురించి కాదు. మదురై బస్సెక్కుతూ జానకియమ్మాళ్ నా చెయ్యి పట్టుకొని, "నిన్ను నమ్మితినే పొన్నా, పెరుమాళ్లను నమ్మినంత" అంది. అది మనిద్దరి మధ్యే ఉండనీ.

నీ అక్క,
పొన్నమ్మాళ్