పగిలిన ట్యూబులైట్ల గది గురించి

అయ్యా,

విషయం: కాలిపోయిన ట్యూబులైట్లను పగలగొట్టే పని ఆపించి, నా కూతుర్ని సదరు గదిలో నుంచి వేరే పనికి మార్పించుట గురించి.

తమ వీధి దీపాల శాఖ గోదాములో ఏళ్ల తరబడి ట్యూబులు పగలగొట్టి, ప్రస్తుతం మంచాన ఉన్న నేను సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. ఊళ్లో మాడిపోయిన ప్రతి ట్యూబూ మా గోదాముకే వస్తుంది. పొడుగ్గా ఉన్నవి లారీలో పట్టవని, పట్టినా దారిలో పగిలి కూలీల కాళ్లు కోస్తాయని, ముందే పగలగొట్టి సంచులకెత్తాలని ఉత్తర్వు అయినది. ఆ పని వెనక గదిలో, ఇనుప పీపాలో, సుత్తితో చేశాను. పొడి ఎగురుతోందని ఫ్యాను తీసేశారు. పొడి బయటికి వస్తోందని పక్కింటివాళ్లు గొడవ చేస్తే కిటికీకి మేకులు కొట్టారు. ఆ విధంగా పొడి సమస్య పరిష్కారమైనదని తమరు పైవారికి నివేదించి ఉన్నారు. పరిష్కారమైన మాట నిజమే. అదంతా నా ఊపిరితిత్తుల్లోకి పోయింది.

2. సదరు ట్యూబుల్లో పాదరసం ఉంటుందని, పగలగొట్టకుండా రీసైక్లింగ్ కేంద్రానికి పంపాలని తమ శాఖవారే గోడ మీద బోర్డు రాయించారు. ఆ బోర్డు కిందే కూర్చుని నేను పగలగొట్టాను. మొన్న వేసవిలో సంచులన్నీ ఆ కేంద్రానికి పంపితే, పగిలినవి మాకొద్దని వాళ్లు లారీని తిప్పి పంపారు. పగలనివి లారీవాడు ఎక్కించుకోడు, పగిలినవి కేంద్రంవాళ్లు దింపుకోరు. సంచులు మళ్లీ అదే గదికి చేరాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మాకు రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

3. రక్షణ నిమిత్తం ఒక మాస్కు మంజూరైనది. అది స్టోరుకీపరు గారి బీరువాలో భద్రంగా ఉన్నది. అడిగితే, "పాడైతే నేను జవాబు చెప్పుకోవాలయ్యా. ఇన్నాళ్లూ అది లేకుండానే చెయ్యలేదా?" అన్నారు. తనిఖీకి వచ్చిన పెద్దలు ఫొటో కోసం దాన్ని ఒకసారి నా ముఖానికి పెట్టించారు. ఆ కాసేపు గాలి బాగానే ఉంది.

4. తర్వాత చేతులు వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు, ఆ పైన చొక్కా గుండీలు. ఇప్పుడు నా భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. పళ్లు కదులుతున్నాయి. చీటికీమాటికీ ఆవిడ మీద అరుస్తున్నాను, అరిచి ఏడుస్తున్నాను. ఇదివరకు నేనిలాంటి మనిషిని కాను.

5. పనికిరానని నన్ను తీసేసి, దయతో నా ఉద్యోగం మా అమ్మాయికి ఇచ్చారు. కృతజ్ఞుణ్ణి. కానీ అదే గది, అదే పీపా, అదే సుత్తి కూడా ఇచ్చారు. నా భార్య రోజూ అడిగేది ఒక్కటే. "కొత్త ట్యూబులు అట్టపెట్టెల్లో ఒక్కటీ పగలకుండా వస్తున్నాయి కదా. పాతవి ఆ పెట్టెల్లోనే పెట్టి పంపిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?"  దీనికి జవాబు తమ దగ్గర ఉంటే సెలవియ్యగలరు.

అమ్మాయికి ఇంకా ఏమీ కాలేదు. అందుకే ఇప్పుడు రాయిస్తున్నాను. నా కోసం ఏమీ అడగడం లేదు, నా పని అయిపోయింది. ఆ పిల్లని ఆ గదిలోంచి బయటికి తీయండయ్యా. ఊడవమంటే ఊడుస్తుంది, మోయమంటే మోస్తుంది. మీ ఇంట్లోనూ పిల్లలుంటారు.

పై సంగతులు ఆలస్యం లేకుండా చిత్తగించవలెనని చేతులు జోడించి, జోడించగలిగినంత మట్టుకు, వేడుకుంటున్నాను.

తమ విధేయుడు,
తమ గోదాములో ట్యూబులు పగలగొట్టిన పాత పనివాడు
(చేయి నిలవనందున వేలిముద్ర)

తా.క.: అయ్యా, పైదంతా నాన్న చెబుతుంటే నేను రాశాను. ఈ ముక్క మాత్రం ఆయనకు చదివి వినిపించను. అమ్మాయికి ఇంకా ఏమీ కాలేదని నాన్న చెప్పినప్పుడు అలాగే రాసేశాను. నా అక్షరాలు చూశారు కదా. గీతల కాగితం మీదే రాశాను, అయినా ఇలా వంకరటింకరగా వచ్చాయి. ఇంతసేపేమిటే అని నాన్న అడిగితే పెన్ను సరిగ్గా రాయడం లేదన్నాను. వేరే పని ఇచ్చేదాకా ఈ ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి, ఇంట్లో ఇంకెవరికీ జీతం లేదు. రేపు పొద్దున మళ్లీ ఆ గదికే వెళ్తాను.